క్లచ్చి జారితే ఆడపిల్లదేనా తప్పు?

నవలలు రాసుకునే దానివి, నీకెందుకమ్మా మోటారుసైకిలు గొడవ అంటారా? ఆ మాట మా మరిదిగారు ముందే అనేశారు. మీది రెండో నంబరు.

నిజానికి మోటారుసైకిలుతో నాకు చాలాకాలంగా పరిచయం ఉంది. నేను రాసిన నవలల్లో సగానికి పైగా హీరోగారు దానిమీదే వచ్చాడు. రివ్వున వచ్చాడు, సర్రున ఆపాడు, హీరోయిన్ను వెనక కూచోబెట్టుకుని ఝామ్మని వెళ్ళిపోయాడు. అన్నన్ని పేజీలు తిరిగినా ఒక్కడి బండీ దారిలో ఆగలేదు. ఒక్కడి క్లచ్చీ జారలేదు. ఒక్కడి చేతికీ మసి అంటలేదు. వెనక కూచున్న పిల్ల మటుకు చున్నీ చక్రంలో పడకుండా జాగ్రత్తగా ఒళ్ళోకి లాక్కుంది. బండి విషయంలో ఆ పిల్లకి నేను అప్పగించిన పని అంతవరకే! ఇవ్వాళ ఇంకొకళ్ళని నాలుగు మాటలు అనడానికి కూచున్నాను గనక, ముందు నా కలం చేసిన తప్పు నేనే ఒప్పుకుని మొదలెడుతున్నాను.

మా చెల్లెలి కూతురికి ఇరవై ఆరేళ్ళు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. వారంలో అయిదు రోజులు అవనిగడ్డలో అద్దె గది, శని ఆదివారాలు బెజవాడ సింగ్ నగర్లో అమ్మా నాన్నల దగ్గర. నాగాయలంక, కోడూరు చుట్టుపక్కల చెరువుల మీదికి వెళ్ళి నీళ్ళు పట్టి, ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది, తెల్లవారుజామున ప్రాణవాయువు ఎంతకి పడిపోతోంది అని చూసి రైతుకి చెప్పాలి. ఒక్కరోజు ఆలస్యమైతే చెరువంతా తేలిపోవచ్చు. ఆ చెరువుల గట్ల మీద రేగడి మట్టి. ఎండితే ఇటుక, తడిస్తే అరటితొక్క. మామూలు స్కూటరు చిన్న చక్రాలు అందులో దిగబడితే తియ్యడానికి నలుగురు మనుషులు కావాలి.

అందుకని పిల్ల తన జీతంలోంచి వాయిదాలు కట్టుకుని ఒక ట్రయల్ బండి కొనుక్కుంది. ఎత్తుగా ఉండి, ముందు ఫోర్కు పొడుగ్గా ఉండి, టైరుకి గుబ్బలు గుబ్బలుగా పట్టు ఉంటుందే, ఆ రకం. మన దేశంలో 2011లో హీరో వాళ్ళ ఇంపల్స్, 2016లో ఎన్‌ఫీల్డు వాళ్ళ హిమాలయన్, 2019లో మళ్ళీ హీరో వాళ్ళ ఎక్స్‌పల్స్, ఇలా ఈ జాతి బండ్లు వస్తూ ఉన్నాయి. మా పిల్లది ఏ కంపెనీదో చెప్పను. కంపెనీ తప్పేమీ లేని కథలో వాళ్ళ పేరెందుకు?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడ వాళ్ళకి ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఒకపక్క ప్రకాశం బరాజు దగ్గర కృష్ణ ఉధృతంగా పరుగెడుతుంటే, ఇంకోపక్క బుడమేరు పొంగి సింగ్ నగర్ని ముంచేసింది. ఆదివారం గనక పిల్లా ఇంట్లోనే, బండీ ఇంట్లోనే. మనుషులు మేడెక్కారు. బండి ఎక్కలేదు. నీళ్ళు తీశాక చూస్తే ప్రతి వీధిలోనూ బురద పూసుకున్న బండ్లు బారులు తీరి ఉన్నాయి. మెకానిక్కులు పాపం తిండీ నిద్రా లేకుండా పనిచేశారు. ఆ రోజుల్లో వాళ్ళు చేసిన సేవకి ఎవరూ దండలు వెయ్యలేదు, నేనిప్పుడు వేస్తున్నాను. మా పిల్ల బండిలోంచి కూడా పాలు కలిపిన కాఫీలా ఉన్న నూనె తీసేసి, కొత్త నూనె పోసి, తుప్పుపట్టిన క్లచ్చి కేబులు మార్చి ఇచ్చారు. బండి నడిచింది. అందరం దణ్ణం పెట్టుకున్నాం.

రెండు నెలలయ్యాక నాగాయలంక అవతల ఒక చెరువు గట్టు ఎక్కుతోందిట. ఇంజను పులిలా గర్జిస్తోంది, బండి నత్తలా పాకుతోంది. మాడిన వాసన. వెనక కట్టిన సీసాల్లో నీళ్ళ నమూనాలు. దిగి, ఒంటిచేత్తో యాక్సిలరేటరు తిప్పుతూ, తోసుకుంటూ రోడ్డుకి చేరి, ఆ శనివారం ఎలాగో బెజవాడ తెచ్చుకుంది.

ఒక షెడ్డుకి తీసుకెళ్ళారు. ఏ షెడ్డు, ఏ వీధి అని నన్నడక్కండి, ఆ మాట అనే షెడ్డు ఒక్కటే అయితే ఈ వ్యాసమే అక్కర్లేదు. నేనూ ఆ వేళ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, వెంట వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి బండి వైపు ఒకసారి చూశాడు. బండి పక్కన నిలబడ్డ పిల్లని ఒకసారి చూశాడు. అంతే, రోగం తెలిసిపోయింది.

"ఎవరు నడుపుతారు సార్?" అన్నాడు మా మరిదిగారితో.

"మా అమ్మాయి."

"అదీ సంగతి! ఆడపిల్లలు క్లచ్చి వదలరు సార్. భయంతో పట్టుకునే ఉంటారు. ప్లేట్లు కాలిపోయాయి. మొత్తం సెట్టు మార్చాలి. నా మాట విని, ఇది ఎవరికన్నా ఇచ్చేసి పాపకి మంచి స్కూటీ కొనిపెట్టండి. క్లచ్చి గొడవే ఉండదు."

మా మరిదిగారి మొహం వెలిగిపోయింది. కూతురు ఆ బండి కొన్నప్పటినుంచీ ఆయన గుండెల్లో పెట్టుకున్న మాట, బయటివాడు, అందులోనూ చేతులకి గ్రీజు ఉన్నవాడు చెప్పాడు. "చూశారా వదినగారూ, నే చెప్తే చాదస్తం అన్నారు" అన్నారు నాతో. పిల్ల నోరు తెరిచి, "అంకుల్, లీవరు దగ్గర..." అని ఏదో చెప్పబోయింది. ఆయన మరిదిగారి వైపే చూస్తూ, "నాలుగువేల చిల్లర అవుతుంది సార్" అన్నాడు.

అప్పుడొచ్చింది నాకు కోపం.

ప్లేట్లు కాలలేదని కాదు సుమా. కాలాయో లేదో నాకేం తెలుసు? నేను చదివింది బి.ఏ., అదీ చరిత్ర, తెలుగు. నా కోపమల్లా ఒక్కదానికే. బండి మీద చెయ్యి వెయ్యకుండా, లీవరు పట్టుకోకుండా, నూనె చూడకుండా, ఒక్క ప్రశ్న అడక్కుండా, "ఆడపిల్ల" అనే ఒక్క ముక్కతో పరీక్ష పూర్తయిపోయింది! మీ అబ్బాయికి జ్వరమని తీసుకెళితే, నాడి చూడకుండా, నాలిక చూడకుండా, "ఏ వీధిలో ఉంటారు? ఓహో, అయితే టైఫాయిడే" అనే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళతారా? మరి ఇక్కడ ఎందుకు తల ఊపి వస్తాం?

ఎందుకంటే మనకి తెలియదని మనం ముందే నిర్ణయించేసుకున్నాం గనక. "మాకేం తెలుసండీ యంత్రాల సంగతి" అని చెప్పుకోవడం మన ఇళ్ళలో ఒక మర్యాద అయిపోయింది గనక. ఆ మర్యాదని మొదట కాలవలో పారెయ్యాలి. ఎందుకంటే క్లచ్చి అంటే ఏమిటో మనకి తెలుసు. మన అమ్మలకి ఇంకా బాగా తెలుసు.

మా అమ్మ దగ్గర కాలితో తొక్కే కుట్టుమిషను ఉండేది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. బాబినుకి దారం చుట్టేటప్పుడు ఏం చేసేది? కుడిచేతి చక్రం మధ్యలో ఉన్న చిన్న బిళ్ళని వదులు చేసేది. అప్పుడు చక్రం తిరుగుతుంది గాని సూది ఆడదు. దారం చుట్టడం అయ్యాక బిళ్ళ బిగిస్తే చక్రంతోపాటు సూదీ ఆడుతుంది. శక్తిని కావలసినప్పుడు కలపడం, అక్కర్లేనప్పుడు విడదీయడం. అమ్మలూ, అదే క్లచ్చి! బి.ఏ. కూడా చదవని మా అమ్మ జీవితంలో ఎన్ని వేలసార్లు క్లచ్చి వదిలి బిగించిందో లెక్కలేదు. బిళ్ళ సరిగ్గా బిగియకపోతే కాలు తొక్కుతూనే ఉంటుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది, సూది మాత్రం బట్టలో దిగనని మొరాయిస్తుంది. అదే క్లచ్చి జారడం. మిషను తోలు బెల్టు సాగి జారితే అమ్మ ఏనాడూ "మోటారు మార్చాలి" అనలేదు. ఒక అంగుళం కోసి, ఇనప కొక్కెం మళ్ళీ తగిలించింది.

ఇప్పుడు బండిలోకి వద్దాం. ఇంజను కుడిపక్కనో ఎడమపక్కనో ఉన్న మూత లోపల ఒక గిన్నె. అందులో అప్పచ్చుల దొంతరలాగా పలకలు. ఒకటి రాపిడి పూత ఉన్న ప్లేటు, దానిమీద ఒకటి నున్నటి ఉక్కు ప్లేటు, మళ్ళీ పూతది, మళ్ళీ ఉక్కుది. పైనుంచి నాలుగైదు స్ప్రింగులు గట్టిగా నొక్కి పెడతాయి. నొక్కుడులో అన్నీ అతుక్కుని కలిసి తిరుగుతాయి, ఇంజను శక్తి చక్రానికి వెళుతుంది. మనం చేత్తో లీవరు లాగితే కేబులు ఆ స్ప్రింగుల నొక్కుడిని ఎత్తి పడుతుంది. ప్లేట్లు విడిపోతాయి. ఇదంతా ఇంజను నూనెలో మునిగి జరుగుతుంది. ఇంతే రహస్యం! ఆవకాయ జాడీలో ఇంతకంటే ఎక్కువ శాస్త్రం ఉంది.

మరి జారుడు రోగాన్ని ఎలా గుర్తుపట్టాలి? ఆ సాయంత్రం మా పిల్లా నేనూ, బండితోపాటు కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకం ముందేసుకుని కూచున్నాం. (ఆ పుస్తకాన్ని బీరువాలో పెళ్ళి శుభలేఖల కింద దాచే అలవాటు కూడా మనం మానుకోవాలి.)

మొదటి ప్రశ్న: జారుతోంది క్లచ్చేనా? యాక్సిలరేటరు తిప్పితే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే, అనుమానించవలసింది క్లచ్చిని. మోతా పెరక్క వేగమూ పెరక్కపోతే జబ్బు ఇంకోచోట ఉంది. గాలి వడపోత బురదతో మూసుకుపోయిందేమో, బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి. టకటకమని కుదుపులతో జారితే చెయినూ పళ్ళచక్రమూ అరిగాయేమో చూడాలి. లీవరు పూర్తిగా లాగినా బండి ముందుకి పాకుతూ, గేరు పడక గరగరమంటే అది క్లచ్చి జబ్బే గాని ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. విడిపోనివ్వడం లేదన్నమాట. ఈ నాలుగింటినీ "బండి లాగట్లేదు" అనే ఒకే మాటతో మెకానిక్కుకి చెప్పి, ఆ తరవాత బిల్లు చూసి గుండె బాదుకోవడం మన పద్ధతి.

మన కృష్ణా డెల్టాలో ఇంకో తమాషా ఉంది. నేలంతా బల్లపరుపు. బల్లపరుపు నేలమీద, కొద్ది బరువుతో, జారే క్లచ్చి కూడా బుద్ధిగా నడుస్తుంది. పై గేరులో ఉండి ఒక్కసారి యాక్సిలరేటరు తిప్పినప్పుడో, కాలవ గట్టు ఎక్కినప్పుడో, వెనక మనిషి కూచున్నప్పుడో దాని బండారం బయటపడుతుంది. మనుషుల్లోనూ అంతేగా!

ఇంకో పరీక్ష. ఎదర ఖాళీగా ఉన్నచోట, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, మూడో గేరులో పెట్టి, కొంచెం యాక్సిలరేటరు ఇస్తూ క్లచ్చి మెల్లిగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా మోగుతూనే ఉంటే ప్లేట్లు జారుతున్నట్టే. ఒక్కసారి చాలు. సరదాగా ఉందని పదిసార్లు చేస్తే ఉన్న ప్లేట్లు కాస్తా మాడిపోతాయి. మా పిల్ల చేసింది. ఆగలేదు. రోగం ఖాయమైంది.

రెండో ప్రశ్న: ఎందుకు జారుతోంది? లీవరు పట్టుకు చూసింది. లీవరు లాగడం మొదలెట్టగానే కేబులు బిగుసుకోకూడదు. ముందు కాస్త ఊరికే కదలాలి. దాన్నే ప్లే అంటారు, మనం ఆట అందాం. లీవరు కొస దగ్గర చాలా బండ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు. ఏ బండికి ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. మా పిల్ల బండికి ఎంత ఉందో తెలుసా? సున్నా. వీణ తీగెలా బిగిసి ఉంది. అంటే చెయ్యి వెయ్యకపోయినా కేబులు ఇరవైనాలుగు గంటలూ స్ప్రింగుల నొక్కుడిని కొంచెం ఎత్తి పట్టుకునే ఉంది. వరద రోజుల హడావుడిలో కొత్త కేబులు వేసినవాళ్ళు "బిగుతుగా ఉంటే బాగుంటుంది" అనుకుని బిగించి పంపారు. ఇంకో సంగతి వినండి. ఇలాటి బండ్లలో ప్లేట్లు అరిగినకొద్దీ లీవరు ఆట తగ్గుతూ వస్తుంది. డ్రమ్ము బ్రేకు అరిగితే లీవరు వదులవుతుంది. క్లచ్చికి అది తిరగబడి జరుగుతుంది. అందుకే నెలకోసారైనా చూసి సరిచెయ్యాలి. ఖర్చు? అణా పైసా లేదు. చేత్తో తిప్పే చిన్న మర, దాన్ని బిగించే ఇంకో చిన్న మర.

మూడో ప్రశ్న: నూనె. బిల్లు తీసి, పోసిన నూనె పేరు చూశాం. కారుకి పోసే నూనె. కార్ల నూనెల్లో కొన్నిట్లో ఇంజను మరీ నున్నగా తిరగడానికి మందులు కలుపుతారు. కారు క్లచ్చి ఇంజను నూనెలో మునగదు గనక దానికి నష్టం లేదు. ఇక్కడ ప్లేట్లు ఆ నూనెలోనే స్నానం చేస్తాయి. పట్టు ఉండవలసినచోట నునుపు చేరితే ఇంకేముంది? అందుకే జపాను వాళ్ళు 1998లో మోటారుసైకిలు నూనెలకి విడిగా ఒక ప్రమాణం పెట్టారు. డబ్బా మీద జాసో ఎం.ఏ. అని ఉంటే నూనెలో మునిగిన క్లచ్చికి పనికొస్తుందని అర్థం. నాది బి.ఏ., నూనెది ఎం.ఏ. గౌరవించి తీరాలి.

మర్నాడు ఆదివారమైనా, బతిమాలి, ఆటోనగర్లో పిల్లకి తెలిసిన ఒక పెద్ద సాయిబుగారి దగ్గరికి వెళ్ళాం. 1960ల్లో మొదలైన ఆ ఆటోనగరు లారీలకి పుట్టిల్లు. ఆయన లారీల మధ్యనే తల నెరిపినవాడు. ముందు బండి దగ్గరికి వచ్చాడు. తరవాత పిల్ల దగ్గరికి వచ్చాడు. "ఏం చేస్తోందమ్మా? ఎప్పట్నించి? ఎక్కడ ఎక్కువ?" అని అడిగాడు. మూడు ప్రశ్నలు! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

మూత విప్పాడు. ఇక్కడ నిజం చెప్పాలి. ప్లేట్లు పోయాయి. వెర్నియరుతో కొలిచాడు. కొత్త ప్లేటుకీ పారెయ్యవలసిన ప్లేటుకీ మందంలో తేడా మిల్లీమీటరులో మూడోవంతు పాటి ఉంటుంది, అంతే. మావి ఆ గీత దాటాయి. ఉక్కు ప్లేట్లలో రెండు మాడిన పెనంలా నీలం తిరిగాయి. అద్దం పలక మీద పెట్టి సన్నటి రేకు దూర్చి చూస్తే వంకర కూడా తేలింది. స్ప్రింగులు కొలిస్తే మటుకు బాగానే ఉన్నాయి. అంటే మొదటి షెడ్డాయన "ప్లేట్లు" అన్న మాట నిజమే.

మరి మీ కోపమేమైంది అంటారా? రెట్టింపయింది. ఎందుకంటే ఆయన చెప్పినట్టు కేబులు ముట్టుకోకుండా, నూనె సంగతి అడక్కుండా, నాలుగువేలు పోసి కొత్త ప్లేట్లు వేసి ఉంటే ఏమయ్యేది? ఆ బిగిసిన కేబులూ, ఆ కారు నూనే కలిసి కొత్తవాటిని కూడా కాల్చేసేవి. అప్పుడేమనేవారు? "చెప్పానా సార్, ఆడపిల్ల చెయ్యి!" అనేవారు. మా మరిదిగారు నమ్మేవారు. మా చెల్లెలు నమ్మేది. ఆఖరికి పిల్ల కూడా నమ్మేది. అదీ అసలు ప్రమాదం! కారణం వెతక్కుండా మనిషి మీద పెట్టిన తప్పు, ప్రతిసారీ తన రుజువు తనే తయారు చేసుకుంటుంది.

సాయిబుగారు కొత్త పూత ప్లేట్లని మినప్పప్పు నానబోసినట్టు మంచి నూనెలో నానబోశాడు. పొడి ప్లేట్లు వేస్తే మొదటి రోజే మాడతాయట. బోల్టులు ఒకవరసన కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. ఆట సరిచేసి, హ్యాండిలు ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పి, కేబులు ఎక్కడా లాగుకోవడం లేదని పిల్ల చేతే చూపించాడు. తరవాత ఆమెతో, "నీ తప్పూ ఒకటుంది బిడ్డా. రెండు వేళ్ళు ఎప్పుడూ లీవరు మీదే పెడతావు. బురదలో పెట్టు, పని ఉంది. రోడ్డెక్కాక తీసెయ్యి" అన్నాడు. పిల్ల ఒప్పుకుంది. నేనూ ఒప్పుకుంటున్నాను. బురద గట్టు మీద సగం క్లచ్చితో బండిని పాకించడం నేర్పు. నున్నటి రోడ్డు మీద అదే పని దుబారా. తప్పు చూపించడానికీ, తప్పు అంటగట్టడానికీ మధ్య ఎంత దూరమో ఆ ముసలాయన దగ్గర చూశాను.

ఆ రెండు వేళ్ళ జబ్బు ఆడవాళ్ళకే పుట్టిందా? సాయంత్రం ఆరింటికి బందరు రోడ్డు మీద నిలబడి చూడండి. భార్య, ఇద్దరు పిల్లలు, ముందు బియ్యం సంచీ. బెంజిసర్కిలు దాకా క్లచ్చి సగం పట్టుకునే నడిపే పెద్దమనుషుల్ని లెక్కపెట్టండి, వేళ్ళు చాలవు. వాళ్ళ ప్లేట్లు కాలితే షెడ్డులో "ట్రాఫిక్ సార్, ఏం చేస్తాం" అంటారు. మగవాడి ప్లేట్లు ట్రాఫిక్కు వల్ల కాలతాయి, ఆడదాని ప్లేట్లు ఆడతనం వల్ల కాలతాయి!

ఇక "స్కూటీ కొనిపెట్టండి, క్లచ్చి గొడవే ఉండదు" అన్న మాట. 1984లో కైనెటిక్ హోండా వచ్చిన దగ్గర్నించి గేర్లు లేని బండి మన ఆడవాళ్ళకి చేసిన మేలు నేను కాదనను. నేనూ దాని మీదే తిరుగుతాను. కాని అందులో క్లచ్చి లేదన్నది అబద్ధం. ఉంది. వేగం పెరిగితే తనంతట తను పట్టుకుని, తగ్గితే తనంతట తను వదిలేసే క్లచ్చి వెనకచక్రం దగ్గర బుద్ధిగా కూచుని ఉంది. తీసేసింది క్లచ్చిని కాదు, మన చేతిలోని లీవరుని. ఊళ్ళో కూరలకి వెళ్ళడానికి లీవరు లేకపోతే హాయే. రొయ్యల చెరువు గట్టు మీద, తడి రేగట్లో, ఎంత శక్తి చక్రానికి ఇవ్వాలో చేత్తో నిర్ణయించుకోవలసిన పిల్లకి "నీకు లీవరొద్దు" అని చెప్పడం సౌకర్యం కాదు. ఉద్యోగం మానిపించడం. మర్యాదగా మానిపించడం.

"షెడ్డులో వంద బండ్లుంటే ఒక్కొక్కదానికీ ఇంత విచారణ ఎక్కడ కుదురుతుందండీ?" అనవచ్చు. కుదరదు, నిజమే. లీవరు ఆట చూడ్డానికి అరనిమిషం, నూనె ఏదని అడగడానికి ఇంకో అరనిమిషం. ఆ నిమిషం కూడా లేనివాడికి "ఆడపిల్లలు క్లచ్చి వదలరు" అని ఉపన్యాసం ఇవ్వడానికి టైమెలా దొరికింది?

"ఇవన్నీ ఆడవాళ్ళకి అవసరమా?" అనేవారికి ఒక పాత కథ. బెంజిసర్కిలు, బెంజిసర్కిలు అని రోజుకి పదిసార్లు అంటాం కదా. బెంజి అనే ఇంటిపేరున్న ఒకావిడ, బెర్తా, 1888 ఆగస్టులో మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారు చేసిన మోటారు బండిలో మన్‌హైము నుంచి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి బయల్దేరింది. దాదాపు 100 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు ముక్క వేయించింది. ఆ బండి పనికొస్తుందని లోకం నమ్మడానికి ఆ ప్రయాణం ఎంతో సాయపడింది. మోటారు బండి చరిత్రలో మొదటి దూరప్రయాణం చేసిందీ, దారిలో రిపేరు చేసుకుందీ పుట్టింటికి వెళుతున్న ఒక ఇల్లాలు! ఆ తరవాత నూట ముప్పై ఏళ్ళు దాటాక, "ఆడపిల్ల చెయ్యి పడింది సార్" అని మనం వింటున్నాం, తల ఊపుతున్నాం.

మెకానిక్కుల మీద నాకు పగ లేదు. నా ఫిర్యాదు మన మీద. కాఫీపొడిలో చికోరీ ఎంత కలిపాడో వాసన చూసి చెప్పే మనం, చీర జరీ గోటితో గీకి అసలో నకిలీయో తేల్చే మనం, వేలకు వేలు పోసి కొన్న బండి దగ్గర ఎందుకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాం? ప్లేట్లు మనమే మార్చుకోవాలని నేననను. మూత విప్పడం పనివాడి పని. కాని రోగం ఏమిటో అడిగే హక్కు మనది. ఆట ఎంత ఉంది? నూనె ఏది? పాత ప్లేట్లు ఏవీ, కొలిచి చూపించు. ఈ మూడు ముక్కలూ కంఠతా పట్టండి. కూతురికి నేర్పండి. కొడుకు బండికి జబ్బు చేసినప్పుడు "ట్రాఫిక్కు" అని సరిపెట్టకుండా వాడినీ అవే అడగండి.

కథ ముగింపు ఒకటి మిగిలింది. పనయ్యాక సాయిబుగారి దగ్గర కుర్రాడు బిల్లు పుస్తకం తీసి, "ఓనరు పేరు?" అన్నాడు మా మరిదిగారి వంక చూస్తూ. అలవాటు కొద్దీ ఆయన తన పేరు చెప్పేశారు. కుర్రాడు రాసేశాడు కూడా. మా పిల్ల ఏమీ గొడవ చెయ్యలేదు. సంచీలోంచి ఆర్.సి. తీసి బల్లమీద పెట్టింది. కుర్రాడు చూశాడు, కొట్టేశాడు, ఆమె పేరు రాశాడు. మరిదిగారు గొంతు సవరించుకుని, "అవును మరి, బండి దానిదేగా" అన్నారు.

ఆ సోమవారం తెల్లవారుజామున పిల్ల అవనిగడ్డ వెళ్ళిపోయింది. ఈసారి నేను రాయబోయే నవలలో హీరోగారు వెనకసీటు మీద కూచుంటాడు. చున్నీ లేదు గనక, నీళ్ళ సీసాలు పట్టుకుంటాడు.